నల్ల గచ్చు

ఫిబ్రవరి 3, సోమవారం

ముడినూనె ట్యాంకు మడ్డి రిపోర్టు పంపేశాను. మైనం, వేడికి కరుగుతుంది, తేలిక నూనెతో వేడిగా కడిగితే సరిపోతుంది. అంతే రాశాను. చివర 'అయితే' లేదు. 'మరోసారి పరీక్షించిన మీదట' లేదు. సంతకం పెట్టి, మా మేనేజరు వీరరాఘవయ్య గారి బల్ల మీద ఉంచి, ఆయన తల ఎత్తేలోపు బయటికి వచ్చేశాను.

పోయిన ఏడాది నా అనుమానం ఒక ఓడను రేవులో నిలబెట్టింది. తీరా చూస్తే నూనె శుభ్రంగా ఉంది. అప్పటి నుంచి క్యాంటీన్లో నా పేరు శంకాబెన్. ఇక్కడ బెన్ అంటే అక్క, ఆడవాళ్లందరూ బెన్‌లే కాబట్టి తప్పు పట్టడానికి కూడా లేదు. నవ్వి ఊరుకోవాలి. నవ్వాను.

ఈ రిపోర్టును బట్టే ట్యాంకు కడుగుతారు. కడిగాక మనుషులు పారలు పట్టుకుని దిగి, అడుగున మిగిలింది ఎత్తిపోస్తారు. వాళ్లలో మా వంటమనిషి లత మొగుడు నరేశ్ ఉంటాడు. ఆ పనిలో పెట్టించింది నేనే. అందుకని మామూలు కంటే జాగ్రత్తగా చేశాను.

జాగ్రత్తగానే చేశాను.

ఫిబ్రవరి 4

సీసా కడిగేశాను.

ఫిబ్రవరి 6, గురువారం

లత ఇవాళ హుషారుగా ఉంది. చపాతీలు వత్తుతూ ఒకటే మాటలు. మొన్నటిదాకా నరేశ్ పల్సానాలో మగ్గాల మీద ఉండేవాడు. ఆ మోత చెవుల్లో ఉండిపోయి ఇంట్లో కూడా అరిచినట్టే మాట్లాడేవాడట. ఇప్పుడు నవాగామ్‌లో వాళ్ల గది నిశ్శబ్దంగా ఉందంది.

"మెల్లగ మాట్లాడుతుండక్కా. మొదటిరోజైతే ఏదో తప్పు చేసొచ్చిండనుకున్న."

ఇద్దరం నవ్వుకున్నాం. ఒక్కటే బాధట, బట్టలు. కుళ్లిన గుడ్ల వాసన, ఎంత సర్ఫు పోసినా వదలడం లేదు. ఆ వాసన నూనెలో ఉండే ఒక గ్యాసుదని, వాసన వస్తున్నంతసేపు పెద్ద భయం లేదని, అది ఎక్కువైతే ముక్కు మొద్దుబారి వాసన ఆగిపోతుందని, భయపడాల్సింది అప్పుడని చెప్పాను. చెప్పాక, ఎందుకు చెప్పానా అనిపించింది. లత చెయ్యి ఆగింది. మళ్లీ వత్తింది.

వాళ్ల ఆయన చేసేది ట్యాంకు బయటి పనే అని సర్ది చెప్పాను. ప్రస్తుతానికి అది నిజమే.

ఫిబ్రవరి 8, శనివారం

సీసా సంగతి రాసుకుంటే పోతుంది.

మడ్డి నమూనా సీసాలో గడ్డకట్టి వస్తుంది. మా ల్యాబులో అందరం చేసేదే నేనూ చేశాను. వేడినీళ్ల తొట్టిలో పెట్టి, కదిలినదాన్ని వంచుకుని, దాని మీద పరీక్షలన్నీ చేశాను. కదిలింది మైనమే. అందులో అనుమానం లేదు. తర్వాతి రోజు సీసా కడగబోతే అడుగున ఓ ముద్ద అంటుకుని ఉంది. నల్లగా, లక్కలా మెరుస్తూ. వేడికి జారలేదు. గరిటతో గీస్తే పెళుసుగా చిట్లింది. టోలీన్ ద్రావకం పోశాను. పోసీ పోయకముందే కరిగి కాఫీ డికాషన్ అయింది.

అడుగున తుప్పు ఉండటం మామూలే.

తుప్పు టోలీన్‌లో కరగదు. ఆ సంగతి మా అమ్మాయి కూడా చెబుతుంది.

అయినా అది ఎంత. సీసా అడుగున చిన్న ముద్ద. ఆ ట్యాంకు పొడవూ వెడల్పూ తలుచుకుంటే అది లెక్కలోది కాదు. సీసా కడిగేశాను కదా.

ఫిబ్రవరి 9, ఆదివారం

మా ఆయన వంశీ నందుర్‌బార్ డ్యూటీ నుంచి పొద్దున్నే వచ్చారు. అన్నం దగ్గర నా ముఖం చూసి, "మళ్లీ మొదలా?" అన్నారు. ఏమీ లేదన్నాను. రైల్వే వాళ్లకి ఆదివారం నిద్ర ముఖ్యం, పడుకున్నారు.

మా అమ్మాయి కీర్తి బోర్డు పరీక్షల కెమిస్ట్రీ ముందేసుకుని కూర్చుంది. నా చిత్తుకాగితం చూసి ఇదేంటని అడిగింది. అన్యమనస్కంగా ఏదో గీసి ఉన్నాను. ఆస్ఫాల్టీన్ అన్నాను. ముడినూనెలో అన్నిటికంటే బరువైన భాగం.

"దీని ఫార్ములా ఏంటి మమ్మీ?"

లేదన్నాను. ఏ రెండు అణువులూ ఒకేలా ఉండవు. మధ్యలో వలయాలు అతుక్కుని ఒక పలకలా ఉంటుంది, చుట్టూ తోకలు వేలాడుతుంటాయి. అలాంటివి లక్ష రకాలు.

"తో ఫిర్ అన్నిటికీ ఒకే పేరెందుకు?"

హెప్టేన్ లాంటి తేలిక నూనెలో కరగనిదీ, టోలీన్‌లో కరిగేదీ ఏదైనా సరే ఆస్ఫాల్టీనే. అది ఏమిటన్నదాన్ని బట్టి కాదు, దేనిలో ఇమడదన్నదాన్ని బట్టి ఆ పేరు.

"అరే యార్, ఇది కెమిస్ట్రీనా జ్యోతిషమా," అని పుస్తకంలోకి వెళ్లిపోయింది.

నేను గీస్తూనే ఉన్నాను. పలక మీద పలక. నూనెలో ఉన్నంతకాలం వీటి చుట్టూ జిగురు పదార్థాలు చేరి విడివిడిగా తేలనిస్తాయి. తేలిక నూనె ఎక్కువ పోస్తే ఆ జిగుర్లు చెదిరిపోతాయి. అప్పుడు పలకలు ఒకదాన్నొకటి వెతుక్కుంటాయి. వెతుక్కుంటాయి అనకూడదు. వాటికి వెతకడం తెలియదు. దగ్గరికి వచ్చినవి వదలవు, అంతే. ఓ అరడజను పేరుకోగానే తోకలు అడ్డం వచ్చి ఆగిపోతాయి. తర్వాత ఆ గుత్తులే గుత్తులుగా చేరతాయి.

వేడి చేస్తే మైనం విడిపోతుంది. ఇవి విడిపోవు. తేలిక నూనె పోస్తే ఇంకా గట్టిగా పట్టుకుంటాయి.

ట్యాంకులో రేపు పోసేది తేలిక నూనె. వేడివేడిగా. నా రిపోర్టు ప్రకారం.

ఫిబ్రవరి 11, మంగళవారం

కడగడం మొదలైంది. నిన్నటి నుంచి వేడి నూనె పంపి మళ్లీ తోడుతున్నారట. సగానికి సగం మడ్డి నూనెతో వచ్చేసిందని వీరరాఘవయ్య గారు క్యాంటీన్లో అందరి ముందూ నన్ను మెచ్చుకున్నారు. "రాధమ్మ ఈసారి ఒక్క మాటలో తేల్చేసింది," అన్నారు. తోడిన నూనె నిండా మైనమే. నేను చెప్పింది నిజమే అయింది.

సాయంత్రం లత వేరే సంగతి తెచ్చింది. నరేశ్ మ్యాన్‌హోల్ మూత దగ్గర గొట్టాలు సర్దుతూ లోపలికి తొంగి చూశాడట.

"లోపట నల్ల గచ్చు లెక్క ఉన్నదటక్కా. నున్నగ. ముఖం చూసుకోవచ్చంట."

ఎక్కడి దాకా ఉందని అడిగాను. మూత అంచుకు జానెడు కింద అంది. ట్యాంకు అడుగు ఇనప రేకు అయితే అంత పైన ఉండదు. నరేశ్ సరదాకి పార కామతో ఆ గచ్చు మీద టకటకమని కొట్టాడట. కాసేపటికి లోపలి నుంచి టకటకమని వచ్చిందట.

"ఎవలో ఉన్నరని ఈయన మళ్ల కొట్టిండంట. మళ్ల వచ్చిందంట. గిట్ల ఆడుకుంటున్నరు పనికి పోయి," అని లత నవ్వింది.

వేడి ఇనుము చల్లారుతూ చప్పుడు చేస్తుంది. అదే చెప్పాను. బావుంది ఆ జవాబు. నాకే నచ్చింది.

ఫిబ్రవరి 13, గురువారం

ప్రతి నమూనాకీ ఒక జోడు సీసా సీలు వేసి స్టోర్‌లో దాస్తాం. ఇవాళ ఆ జోడు తీశాను. అందరూ భోజనానికి వెళ్లాక. ఎందుకంత చాటుగా తీశానో రాయనవసరం లేదు.

ఈసారి వంపలేదు. కత్తితో అడుగు దాకా కోసి, ఉన్నదంతా గాజు పాత్రలో వేసి, వాళ్లు ట్యాంకులో చేస్తున్నట్టే వేడి తేలిక నూనె కింది నుంచి ఎక్కించాను. మైనం కరిగి జారిపోయింది. జారిపోయిన చోట మిగిలింది మాత్రం పడిపోలేదు. అంచుల్ని పట్టుకుని పాత్రకి అడ్డంగా పరుచుకుంది, పాల మీద మీగడలాగా. పైన నల్లటి అట్ట. దాని కింద పల్చటి నూనె, నూనెలోంచి ఊరే ఆవిరి.

చూస్తూ కూర్చున్నాను. ల్యాబులో ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేదు.

టిక్.

అడుగు నుంచి ఒక బుడగ లేచి అట్టకి తగిలింది. గోటితో గాజును కొట్టినట్టు. తేట నూనెలో ఆ బుడగ వెళ్లడం నా కళ్లతో చూశాను. కారణం కళ్లెదుటే ఉంది.

పెన్నుతో పాత్రని ఒకసారి తట్టాను.

టిక్.

రెండుసార్లు తట్టాను. ఎందుకు తట్టానో తెలియదు. రెండుసార్లు వచ్చింది.

నేను తడితే ద్రవం కదులుతుంది, కదిలితే బుడగలు వదులుతాయి. ఎన్ని తడితే అన్ని వదలడం యాదృచ్ఛికం. మూడోసారి తట్టలేదు. మనుషులు తిరిగి వస్తున్న చప్పుడు వినిపించి పాత్రని అల్మరాలో పెట్టి తాళం వేశాను.

ఫిబ్రవరి 14, శుక్రవారం

వీరరాఘవయ్య గారికి చెప్పాను.

ఆయన వచ్చే నెల రిటైరవుతున్నారు. ఇదే ఆయన చేతుల మీదుగా తెరిచే ఆఖరి ట్యాంకు. నేను లోపలికి వెళ్లేసరికి వీడ్కోలు విందుకు ఇక్కడి వాళ్ల శనగపిండి లోచో చెప్పాలా పెసరట్టు వేయించాలా అని ఫోన్లో బేరమాడుతున్నారు. ఫోన్ పెట్టేసి, "చెప్పమ్మా," అన్నారు.

నమూనా ట్యాంకు గోడ పక్కన తీసింది కదా సార్, గోడ చల్లగా ఉంటుంది కాబట్టి అక్కడ మైనం ఎక్కువ పేరుకుంటుంది, నడిమధ్యలో వేరేగా ఉండవచ్చు కదా అన్నాను.

"ఉండవచ్చు. నువ్వు మైనమని రాశావు. ఇప్పుడు కాదంటావా?"

"కాదనడం లేదు సార్."

"అయితే అవుననే కదా."

నవ్వారు. మంచి మనిషి. నేను చేరిన కొత్తల్లో నాకు చుక్క పరీక్ష నేర్పింది ఆయనే. ఫిల్టర్ కాగితం మీద నూనె చుక్క వేసి ఆరనిస్తే, మధ్యలో నల్ల మచ్చ నిలిచినదాన్ని నమ్మొద్దని ఆయనే చెప్పారు. సీసా సంగతి చెప్పడానికి నోరు తెరిచాను. మళ్లీ ఫోన్ మోగింది.

చెప్పినట్టే.

ఫిబ్రవరి 15

చెప్పినట్టే. మధ్యలో వేరేగా ఉండవచ్చని అన్నాను. అర్థం చేసుకోవలసింది ఆయన.

ఫిబ్రవరి 17, సోమవారం

లత నరేశ్ చొక్కా ఒకటి ప్లాస్టిక్ సంచిలో కట్టుకుని వచ్చింది.

"వాసన చూడక్కా."

సంచి విప్పగానే వెనక్కి తగ్గాను. కీర్తి తన గది తలుపు వేసుకుంది. అంత ఘాటు. ఇది నరేశ్‌కి తెలియడం లేదట. ముక్కు దగ్గర పెట్టినా ఏమీ లేదంటున్నాడట. ఎల్లిపాయ కారం నూరి పెడితే చప్పగా ఉందన్నాడట. శనివారం పని నుంచి వచ్చిన దగ్గర్నుంచి ఇంతే. తింటాడు, పిలిస్తే పలుకుతాడు, నిద్ర మాత్రం పోడు. చాప మీద బోర్లా పడుకుని గచ్చును వేళ్లతో కొట్టి, చెవి ఆనించి వింటున్నాడట.

"కింద ఒడియాలోళ్లుంటరు. ఆళ్లు పైకొచ్చి లొల్లి పెట్టిన్రు. నేనే నడుమ నిలవడి సముదాయించిన. నవ్వొస్తది గని..."

నవ్వు రాలేదు ఆమెకి.

శనివారం లోపలికి దిగాడా అని అడిగాను. పర్మిట్ రాకుండా ఎవర్నీ దింపరు కదా అంది, నరేశ్ కూడా అదే అన్నాడట. పర్మిట్ ఇంకా రాలేదు. అది నాకు తెలుసు.

ఆ చొక్కా బాల్కనీలో వేలాడుతోంది. పోయేటప్పుడు తీసుకెళ్లమని చెప్పలేకపోయాను. ఇందాక వెళ్లి చూస్తే నాకూ వాసన తెలియలేదు. దగ్గరికి వెళ్లాను. తెలిసింది. హమ్మయ్య అనుకున్నాను, కుళ్లు వాసనకి.

ఫిబ్రవరి 18, మంగళవారం

ఎల్లుండి ట్యాంకులోకి మనుషుల్ని దింపుతున్నారు. నోటీసు బోర్డు మీద పెట్టారు.

నిజానికి నన్ను ఆపుతున్నది ఏమిటని కూర్చుని ఆలోచించాను. ఓడ సంగతి అనుకున్నాను. పేరు పెట్టి పిలుస్తారనుకున్నాను. కాదు. అనుమానించినన్నాళ్లూ నాకు ఒక హాయి ఉండేది. అనుమానించే మనిషి దేనికీ పూచీ పడదు. ఎటు తేలినా నేను ముందే అన్నాను కదా అనవచ్చు. ఈసారి ఆ హాయి వదులుకుని ఒక మాట గట్టిగా చెప్పాను. ఆ మాట తప్పు. తప్పని సీసా కడుగుతున్నప్పుడే తెలుసు. తెలిసే కడిగాను.

కిందంతా నూనె, ఆవిరి. పైన మీగడ. దాని మీదకి నరేశ్ పార పట్టుకుని దిగుతాడు.

రాశాను. రిపోర్టు వెనక్కి తీసుకుంటున్నానని, ఒంపిన భాగాన్నే పరీక్షించానని, అడుగున మిగిలినది ఆస్ఫాల్టీన్ అని తెలిసి కూడా సీసా కడిగేశానని, జోడు సీసాతో చేసినదాని ఫోటోలతో సహా. వీరరాఘవయ్య గారికీ, భద్రత విభాగానికీ. పంపే మీట నొక్కేముందు చదవలేదు. చదివితే ఒక 'అయితే' పెట్టేదాన్ని.

ఆయన ఫోన్ చేశారు.

"గురువారం పొద్దున ట్యాంకు దగ్గరికి రా. నువ్వే చూపించు."

అమ్మా అనలేదు.

ఫిబ్రవరి 20, గురువారం

ఎండ బాగా ఎక్కాక మొదలుపెట్టారు. సముద్రం వైపు నుంచి గాలి లేదు. మ్యాన్‌హోల్ దగ్గర మనుషులు గుమిగూడి ఉన్నారు. కాంట్రాక్టరు తరపున కూలీలను నడిపే ముకద్దం బ్రహ్మచారి, జగిత్యాల మనిషి, నన్ను చూసి చాయ్ తెప్పించబోయాడు. నరేశ్ కొంచెం ఎడంగా, ట్యాంకు గోడకి వీపు ఆనించి నిలబడి ఉన్నాడు. బాగున్నావా అంటే బాగున్న మేడం అన్నాడు. మెల్లగానే. నా ముఖం వైపు కాక నా కాళ్ల కింద నేల వైపు చూస్తూ.

గ్యాసు మీటరు మూత దగ్గర పెడితే ఏమీ చూపించలేదు. భద్రత విభాగం నుంచి వచ్చినాయన నావైపు చూశాడు. వీరరాఘవయ్య గారు ఎవరి వైపూ చూడలేదు.

పొడుగాటి ఇనప గొట్టం అడిగాను. ఇద్దరు పట్టుకుని మ్యాన్‌హోల్‌లోంచి లోపలికి దూర్చి పొడిచారు. ఠంగుమంది. గోడ పక్కన. మళ్లీ పొడిచారు, మళ్లీ ఠంగుమంది.

"మస్తు గట్టిగుంది మేడం. దీని మీద బర్రెను కట్టెయ్యొచ్చు," అన్నాడు బ్రహ్మచారి. నలుగురూ నవ్వారు. ఒక్క క్షణం, నిజం రాసుకోవాలి, సంతోషం వేసింది. నా రిపోర్టే నిజమేమో అని.

ఇంకా ముందుకి, చెయ్యి చాచినంత దూరం పొడవమన్నాను.

చప్పుడు రాలేదు. గొట్టం దిగింది. దిగుతూనే ఉంది. పట్టుకున్నవాళ్లు బలం పెట్టలేదు. వాళ్ల చేతుల్లోంచి అది తనంతట తాను జారుకుంది, గొట్టం మొత్తం, చివర మెరిసి మాయమైంది. టార్చి వేసి చూశాం. అది దిగిన చోట కన్నం ఉంది. చూస్తుండగానే అంచులు దగ్గరికి వచ్చాయి. కన్నం మూసుకుంది. మళ్లీ నున్నగా, మా ముఖాలు కనిపించేంత నున్నగా. మీటరు గీపెట్టింది.

అందరం వెనక్కి వచ్చాం. మూత దగ్గర బ్లోయరు పెట్టారు. పర్మిట్ కాగితం ఎవరు చించారో చూడలేదు. నాకు మనసు తేలికపడింది. నరేశ్ దిగలేదు. ఇక దిగడు. అనుకున్నాను.

మీటరు సద్దుమణిగాక దూరం నుంచి పెద్ద లైటు వేయించారు, ఫోటో తీయడానికి. అప్పుడు కనిపించాయి.

నల్లటి గచ్చు మీద అడుగులు. గోడ పక్క నుంచి బయల్దేరి, కప్పును మోసే మొదటి స్తంభం దాకా, దాన్ని దాటి, నడిమధ్య దాకా వెళ్లాయి. అక్కడి నుంచి తిరిగి వచ్చాయి. నడిమధ్యలో అట్ట గిన్నెలా కుంగి ఉంది. ఒక మనిషి మఠం వేసుకుని కూర్చుంటే ఎలా కుంగుతుందో అలా. వెళ్లిన అడుగుల వరసను బట్టి చూస్తే, కూర్చున్నది మా వైపు వీపు పెట్టి.

వీరరాఘవయ్య గారే అడిగారు, ఎవర్ని దింపావని. బ్రహ్మచారి చాలాసేపు తలపాగా సర్దుకున్నాడు. పర్మిట్ రాకముందే ఒకణ్ణి దింపి చూసి రమ్మనడం వాళ్ల పద్ధతట. ఎన్ని పారలు పట్టుకెళ్లాలి, ఎందరు కావాలి, అది చూడకుండా పని ఎవరు ఒప్పుకుంటారు. అన్ని ట్యాంకుల్లోనూ అంతే. శనివారం నరేశ్‌ని పంపాడు. చూసి వచ్చేయమన్నాడు, అంతే. వీళ్లు చాయ్ తాగి, పేక ముక్కలతో పత్తాలాట ఆడుకుని, నరేశ్ ఎప్పుడో బయటికి వచ్చి ఎటో పోయి ఉంటాడనుకున్నారు. మళ్లీ తల ఎత్తేసరికి గోడకి ఆనుకుని నిలబడి ఉన్నాడట.

నరేశ్‌ని అడిగారు.

"మొదటి కంబం దాక పోయిన సార్. చేత్తోని కంబం ముట్టుకున్న. మళ్లిన."

"మరి ఇవేంటి?"

నరేశ్ మెల్లగా వచ్చి లోపలికి చూశాడు. చాలాసేపు చూశాడు. అతని ఎడమ బూటు మడిమ చీలి ఉంటుంది. ఆ చీలిక ప్రతి అడుగు అచ్చులోనూ ఉంది. మధ్య దాకా, మళ్లీ వెనక్కి.

"నావే," అన్నాడు. "గని నేను పోలే."

గొట్టం చేతి దూరంలో మునిగిన అట్ట మీద ఆ మనిషి నడిమధ్యకి నడిచి, కూర్చుని, లేచి వచ్చాడు. అతని బరువుకి అది పగలాలి. నేను లెక్క వేశాను. మళ్లీ వేశాను.

ఫిబ్రవరి 22, శనివారం

నరేశ్‌ని ఆస్పత్రికి నేనే తీసుకెళ్లాను. ఊపిరితిత్తులు బాగానే ఉన్నాయన్నారు. ఆ గ్యాసు కొంచెం తగిలినా మనిషి నిలబడే ఉండి, నడుస్తూ ఉండి, ఏం చేశాడో గుర్తు లేకుండా పోవచ్చట. గుర్తు తిరిగి రాకపోవచ్చు కూడా. ముక్కు మాత్రం మెల్లగా వస్తుందన్నారు. డాక్టరు మాటలు తీసుకుని ఇంటికి వచ్చాను. అన్నీ సరిపోయాయి. గ్యాసు వల్ల మరపు, వేడి తగ్గి అట్ట ఆ ఒక్కరోజు బిగుసుకుని ఉండటం. ఆ తర్వాత మళ్లీ వేడి నూనె పంపడం వల్ల మెత్తబడి ఉండాలి. అన్నిటికీ కారణాలు ఉన్నాయి.

అతను అక్కడ కూర్చోవడానికి మాత్రం కారణం లేదు. అంతసేపు అక్కడ ఊపిరి పీల్చినవాడు కూర్చుంటే, మళ్లీ లేవలేడు.

ఫిబ్రవరి 24, సోమవారం

నా రిపోర్టు మీద విచారణ వేశారు. సీసా గురించి రాసి ఇమ్మన్నారు, ఇచ్చాను. ప్రమోషన్ ఫైలు పక్కన పెడతారని తెలిసింది. ట్యాంకులో ఇప్పుడు మనుషుల్ని దింపకుండా బయటి నుంచే టోలీన్ జాతి ద్రావకం చిమ్మి కరిగిస్తున్నారు. గచ్చంతా కాఫీ రంగు నీళ్లై వచ్చేస్తోంది. వీరరాఘవయ్య గారు వరండాలో ఎదురై, పక్కకి తప్పుకుని దారి ఇచ్చారు. విందు ఉందో లేదో ఎవరూ చెప్పడం లేదు.

ఫిబ్రవరి 25

ట్యాంకు అడుగు తేలిందట. శుభ్రమైన ఇనప రేకు. మా గొట్టం దొరికింది. ఇంకేమీ లేదు.

ఇంకేం ఉంటుందనుకున్నానో.

ఫిబ్రవరి 27, గురువారం

నిన్న శివరాత్రికి లత రాలేదు. ఇవాళ వచ్చింది, ఉపవాసం ముఖంతో. జాగారం చేశావా అంటే, ఇంట్లో ఒకరు ఎలాగూ మేలుకునే ఉంటున్నారు కదా, తోడు కూర్చున్నానంది.

నరేశ్‌కి వాసన వస్తోందట. పొద్దున్న చాయ్‌లో అల్లం ఎక్కువైందన్నాడట. కింది వాళ్లతో మాట కలిపాడట. మళ్లీ మగ్గాలకి పోతానంటున్నాడు. అన్నీ మంచి కబుర్లే. వరసగా చెప్పుకుపోయింది, కూర తిప్పుతూ. తర్వాత స్టవ్ ఆపేసింది. కూర ఇంకా ఉడకలేదు.

"అక్కా, ఒకటడుగుత. నవ్వద్దు."

నవ్వనన్నాను.

"పెండ్లయి ఇన్నేండ్లాయె, ఆయన పండుకునేటప్పుడు గోడ దిక్కు ఒత్తిగిల్లుతడు. ఇప్పుడు నా దిక్కు తిరిగి పండుకుంటుండు. మంచిగ మాట్లాడుతడు. పిల్లల పేర్లు సుత పూరాగ పిలుస్తుండు. ఎన్నడన్న పిలిచిండా గట్ల. ఏ తప్పు లేదక్కా. తప్పు లేదనే..."

ఆగింది. కొంగుతో చేతులు తుడుచుకుంది. తుడిచిన చేతుల్నే మళ్లీ తుడుచుకుంది.

"నువ్వు సదువుకున్నదానివి. ఆడ ఏం జరిగిందో అంతా చూసినవు. ఆడికెల్లి లేచి వచ్చింది మా ఆయనేనా?"

డాక్టరు చెప్పినవన్నీ నోటిదాకా వచ్చాయి. గ్యాసు, మరపు, నరాలు కోలుకోవడం. అవేవీ ఆమె అడగలేదు. ఒక్క మాట అడిగింది. నా ముఖం వైపు చూస్తూ నిలబడింది, ఆ మాట తీసుకుని నవాగామ్ వెళ్లి, ఆ గదిలో, ఆ చాప మీద పడుకోవాలి కాబట్టి.

"ఆయనే లతా," అన్నాను.

తడుముకోలేదు. ఆమె భుజాలు దిగాయి. స్టవ్ మళ్లీ వెలిగించింది. ఉప్పు చూసింది. వెళ్లేటప్పుడు చెప్పులు వేసుకుంటూ, రేపు తొందరగా వస్తానంది.

ఏ పరీక్ష చేసి చెప్పావని అడగలేదు.